నాగజెముడు కంచె

నా భార్య పోయిన మరుసటి వేసవిలో మామగారి దొడ్డికి వెళ్లాను. డోన్‌లో రైలు దిగి, కొండల్లోకి ఎద్దులబండి మీద ఒక పూట ప్రయాణం. దొడ్డి అంటే చుట్టూ రాళ్ల గోడ, లోపల కొట్టాలు, పశువులు. ఆమె పుట్టింది అక్కడే, జ్వరంతో వచ్చి పోయిందీ అక్కడే. దొడ్డికి ఎగువన, వాళ్ల నాయనమ్మ పక్కన పూడ్చిపెట్టాం. చదువుకోవడానికి రెండు పుస్తకాలు తీసుకెళ్లాను గాని, తెరవలేదు.

ఆ ఏడూ వాన లేదు. మందలో ఒక్క ఆవు మిగిలింది. అది చూలుతో ఉంది. దూడ బతికితేనే మామగారికి మళ్లీ మంద.

అంతకుముందు కరువుల్లో ఆ కొండల వాళ్లు నాగజెముడు మట్టలు కోసి, మంట మీద ముళ్లు కాల్చి, తరిగి పశువులకు పెట్టేవాళ్లు. మంచి వానలు పడిన ఏళ్లలో మాత్రం అదే నాగజెముడు మేతబీళ్లను ఆక్రమించేది. దాన్ని తినే తెల్లపురుగు ఒకటి వచ్చిందని తెలిసి, మామగారూ చుట్టుపక్కల రైతులూ పురుగు పట్టిన మట్టలను గంపలతో తెచ్చి బీళ్లలో వేశారు. బీళ్లు శుభ్రమయ్యాయి. తర్వాత కరువొచ్చింది. కాల్చడానికి మట్ట లేదు.

ఒక్క సమాధుల చుట్టూ తప్ప. నక్కలు తవ్వకుండా ఎప్పుడో పెంచిన కంచె అది. పురుగు కనబడినప్పుడల్లా మామగారు కిరసనాయిలు గుడ్డతో తుడిచేవారు.

రోజూ తెల్లవారగానే ఆవు కడుపు కింద గోనెపట్టా వేసి అందరం లేపేవాళ్లం. ముసలి జీతగాడు నన్ను వదిలేవాడు కాదు.

"ఏమప్పా, కలం ఎత్తినట్ల ఎత్తితే లేస్తాదా? నడుం వంచు!"

ఒక రోజు ఎంత ఎత్తినా అది కాళ్లు ఊనలేదు.

"మేతుంటే నిలబడ్తాది," అన్నాడు జీతగాడు. "మేత యాడుండాదో అందరికీ తెలుసు. చెప్పేదానికి నేనే దొరికినానా?"

"నోరు ముయ్‌రా," అన్నారు మామగారు.

అత్తగారు గోనెపట్టా వదిలేసింది. "నా బిడ్డకు అడ్డముండేది ఆ కంచె ఒక్కటే. దాన్ని కోస్తారా?"

మామగారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పప్పా. నీ పెండ్లాం."

"కోద్దాం మామా," అన్నాను.

ఒక వైపు కోస్తే చాలనుకున్నాం. కాల్చిన మట్టలు తిని ఆవు లేచి నిలబడింది. దాంతో రెండో వైపూ కోశాం, తర్వాత మిగిలిందీ కోశాం. అత్తగారు రోజూ పైకి వెళ్లి చూసి వచ్చేది. కంచె అయిపోయిన కొన్నాళ్లకు ఆవు ఈనలేక చనిపోయింది. దూడ కడుపులోనే ఉండిపోయింది.

ఆ పొద్దున సమాధి మట్టి మీద నక్క అడుగులు కనిపించాయని అత్తగారు చెప్పింది. గంప తీసుకుని, దొడ్డి గోడ దగ్గరికి పోయి, పై వరుస రాళ్లు దించడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తాండావు?" అన్నారు మామగారు.

"గొడ్లు లేని దొడ్డికి గోడెందుకు?"

ఆయన ఇంకో గంప తెచ్చారు. జీతగాడూ నేనూ పెద్ద రాళ్లు మోశాం. సాయంత్రానికి సమాధి మీద నడుమెత్తు రాళ్లు లేచాయి. మామగారు చుట్టూ తిరిగి రాళ్ల మధ్య సందుల్లో చెయ్యి పెట్టి చూశారు. తర్వాత వాటిలో పట్టే చిన్న రాళ్ల కోసం కిందికి దిగారు.