లంబా కిత్నా?

హోటల్లో అందరూ ముందు గది చూస్తారు. మా ఫోర్‌మన్ మాత్రం కౌంటర్ మీద మోచేతులు ఆన్చి, "స్విమ్మింగ్ పూల్ లంబా కిత్నా?" అని అడిగేవాడు. జగిత్యాల దగ్గర కాలువలో ఊరి నుంచి ఊరికి ఈదిన మనిషి. పూల్ పొడుగు తేలనిదే తాళంచెవి ముట్టేవాడు కాదు.

పంపుల రిపేరుకు సౌదీ అంతా తిరిగేవాళ్లం. ఎక్కడ దిగినా కౌంటర్లో చాలా పొడుగనే చెప్పేవాళ్లు. ఆయన క్లోరిన్ మంటకు కళ్లు గట్టిగా మూసుకుని దూకేవాడు. నాలుగు బారలకే చెయ్యి గోడకు తగిలేది. "గిది పూలా? కుడితి తొట్టి!" అని తిట్టి, మా చేత పెట్టెలు సర్దించేవాడు. ఒక్క జెద్దాలోనే మూడు హోటళ్లు మారాం.

చివరికి రాబిగ్ క్యాంపులో అసలైన పూల్ దొరికింది. అవతలి గట్టున కూర్చున్నది ఎవరో పోల్చుకోలేనంత పొడుగు! ఇక పెట్టెల మోత తప్పిందని సంబరపడ్డాం.

ఆయన ఎప్పట్లాగే కళ్లు మూసుకుని దూకాడు. నాలుగు బారలు వేశాడు. అలవాటు కొద్దీ, గోడే లేని చోట గిరుక్కున తిరిగి, మళ్లీ మా కాళ్ల దగ్గరే తేలాడు.

కళ్లయినా తెరవకుండా ముఖం చిట్లించి అన్నాడు:

"గిది గూడ కుడితి తొట్టే! సదురుండ్రి పెట్టెలు!"