సాంసన్ మేస్త్రి గీసిన సుద్దగీత

సాయంత్రం సరోజ బడి నుంచి వచ్చి, హెల్మెట్ బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోకుండానే నాకు టీ గ్లాసు అందిస్తుంది. గ్లాసు అంచున ఆమె వేళ్ల సుద్దపొడి అంటుకుని ఉంటుంది. టీ కన్నా ముందు ఆ వాసనే నా ముక్కుకి తగులుతుంది. నా భార్య లెక్కల టీచరు కాబట్టి ఆ వాసనకి నాకు నల్లబల్ల గుర్తు రావాలి. రాదు. ఖరగ్‌పూర్ తాల్‌బగీచా పేటలో ఒక రేకుల షెడ్డు, అందులో కిరసనాయిలు గిన్నె, గిన్నె పక్కన రైలు పట్టాల కింద వేసే పాత స్లీపరు దుంగ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న నేను గుర్తుకొస్తాను. చెవి వెనక సుద్దముక్క దోపుకుని, షెడ్డులో ఉన్న ఒకే ఒక్క స్టూలు మీద కూర్చున్న సాంసన్ మేస్త్రి గుర్తుకొస్తారు. ఆయన పోయి రెండేళ్లయింది.

మా వంశం గురించి రెండు ముక్కలు చెప్పక తప్పదు. గొప్పకు కాదు, బండి సంగతి అర్థం కావడానికి. మా ముత్తాతగారికి శ్రీకాకుళం వైపు ఒక చిన్న దివాణం ఉండేది. ఆయన పల్లకీలో వెళుతుంటే తలపాగా కుచ్చు కూడా కదిలేది కాదని, అంత నిటారుగా కూర్చునేవారని మా ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్నాం. దివాణం తాతగారి హయాంలో పోయింది. నాన్నగారు ఖరగ్‌పూర్ వచ్చి రైల్వేలో గుమాస్తా అయ్యారు. ఆఫీసులో క్యారేజీ విప్పుకుని పప్పన్నం తినేటప్పుడు కూడా ఆయన వీపు కుర్చీకి ఆనేది కాదు. ఇప్పుడు నేనూ ఆ ఆఫీసులోనే పనిచేస్తున్నాను. నిమ్‌పురాలోని మా క్వార్టర్లో వంశానికి మిగిలినవి రెండే: పల్లకీ బొంగు చివర ఉండే ఇత్తడి సింహం మొహం, మా వెన్నెముకలు. ఊళ్లో ఆఖరి మామిడితోట అమ్మినప్పుడు నా వాటాగా వచ్చినదాంతో నేను ఎర్రటి స్పోర్ట్స్ బైకు కొన్నాను. స్కూటరు కొనమంది సరోజ. మోకాళ్లు దగ్గరపెట్టుకుని బల్ల మీద కూర్చున్నట్టు వెళ్లడం మా ఇంట్లో మగవాళ్లకు అలవాటు లేదని చెప్పాను.

ఏడాది తిరిగేసరికి ఆ గుర్రానికి ఒక జబ్బు పట్టుకుంది. రోడ్డు ఖాళీగా ఉంటే బాణంలా పోయేది. కానీ నెమ్మదిగా వెళుతూ యాక్సిలరేటరు కొంచెం తిప్పితే ముందు ఏమీ జరిగేది కాదు, తరవాత ఒక్కసారిగా ముందుకి గెంతేది. వదిలితే ముక్కు నేలకేసి కొట్టినట్టు ఆగేది. గెంతినప్పుడల్లా వెనక కూర్చున్న సరోజ హెల్మెట్ నా హెల్మెట్‌కి ఠంగుమని తగిలేది. ఒకరోజు ఇందా మోడ్ కూడలి దగ్గర అలా నాలుగుసార్లు మోగాక ఆవిడ రోడ్డు మధ్యలోనే దిగిపోయింది.

“ఏటండీ ఇది, బండా, మేకపోతా? పిల్లలకి లెక్కలు సెప్పీలోగా నా బుర్రలో లెక్కలన్నీ కలిసిపోతన్నాయి!”

మర్నాటి నుంచి ఆవిడ టోటో ఎక్కింది. మా ఇంటి కోడలు, ముగ్గురు బెంగాలీ దీదీలతో కలిసి, దొండకాయల్లాంటి పొటోల్ కాయలున్న ఎవరిదో కూరల సంచీ ఒళ్లో పెట్టుకుని బ్యాటరీ బండిలో వెళ్లడం నేను చూడలేకపోయాను. అందుకని దాని వెనకే బైకు మీద బడిదాకా వెళ్లేవాణ్ని. నేను గెంతుతూ వస్తుంటే ఆ దీదీలు వెనక్కి తిరిగి చూసి నవ్వేవారు. మూడోరోజు సరోజ తీర్పు చెప్పింది. దుర్గాపూజ సెలవుల దాకా గడువు. ఈలోగా బండి బాగుపడితే ఎక్కుతుంది. లేకపోతే అది అమ్మేసి స్కూటరు. నేను ఇద్దరు మెకానిక్కులకు చూపించాను. “స్పోర్ట్స్ బండి అంటే ఇంతే దాదా” అన్నారిద్దరూ. అప్పుడు మా ఆఫీసు ప్యూను సాంసన్ మేస్త్రి పేరు చెప్పాడు.

పేరు విని బలిష్ఠుణ్ని ఊహించుకున్నాను. లుంగీ కట్టుకున్న ఒక పుల్ల ఎదురొచ్చింది. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయిన మనిషి. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లేవారు. విశ్వకర్మ పూజనాడూ అంతే శ్రద్ధగా తెల్లచొక్కా వేసుకుని వర్క్‌షాపుకి వెళ్లి, తాను పనిచేసిన లేతు మిషను ముందు ఖిచిడీ తిని వచ్చేవారు. నేను వెళ్లగానే, మేము ఎవరిమో, మా ముత్తాతగారు ఎవరో, తలపాగా కుచ్చుతో సహా చెప్పాను. అంతటివాణ్ని అని తెలిస్తే పని జాగ్రత్తగా చేస్తాడని నా ఆలోచన. “ఏ వూరన్నారు?” అని ఒక్కమాట అడిగారు. చెప్పాను. కాసేపు నా భుజాల వైపు చూశారు. “కూకో బాబూ” అని దుంగ చూపించి, తాను స్టూలు మీద కూర్చున్నారు. నేలకి జానెడు ఎత్తున కూర్చుని ఇంకొకరి చేతిపని చూసిన మొదటివాణ్ని మా వంశంలో నేనే.

“ఇప్పుడు సెప్పు. ఏటి రోగం?”

“బండి బాగాలేదు.”

“అది నానూ సెప్పగల్ను. ఎప్పుడు గెంతుతాది? ఎన్నో గేర్లో? తిప్పినప్పుడా, వొగ్గేసినప్పుడా?”

నాకు తెలియదు. తెలియదనడం మా ఇంట్లో లేదు కాబట్టి, “అన్ని వేళలా” అన్నాను. ఆయన చెవి వెనక సుద్దముక్క తీసి, హ్యాండిల్ రబ్బరు మీద ఒక గీత, దాని పక్కన కదలని భాగం మీద దానికి ఎదురుగా ఇంకో గీత గీశారు. “ఇందా మోడ్ దాకా యెల్లి రా. గీత ఎంత తిరిగితే గెంతిందో సూసి సెప్పు. వొట్టినే వొచ్చి బాగాలేదంటే షెడ్డు గేటు తియ్యను.”

అదే ఆయన పద్ధతి. పలకమీద ఒక్క అనుమానం రాసేవారు. ఆ ఒక్కటే సరిచేసేవారు. నన్ను ఇందా మోడ్ దాకా పంపేవారు. ఏం మారిందో నేను వచ్చి చెప్పాకే పలక తుడిచి రెండోది రాసేవారు. రెండు పనులు ఒకేసారి చేసెయ్యమని నేను తొందరపడితే, “రెండూ కలిపి సేస్తే ఏది నయం సేసిందో బండికీ తెల్దు, మనకీ తెల్దు” అనేవారు. మొదటి ఆదివారం చైను. చక్రం తిప్పి చూపించారు: ఒకచోట బిగువు, ఇంకోచోట వేలు దూరేంత వదులు. సరిచేశాక గెంతు సగం తగ్గింది. రెండో ఆదివారం యాక్సిలరేటరు కేబులు. సుద్దగీత అంగుళం దూరం తిరిగేదాకా ఇంజనుకి కబురే అందడం లేదు. అందేసరికి నేను ఎక్కువ తిప్పేసి ఉండేవాణ్ని. ఆ వదులు తీసేశాక, “రెండో గేర్లో, నెమ్మదిగా వెళుతూ, వదిలి మళ్లీ అందుకున్నప్పుడు కుదుపు ఉంది” అని చెప్పాను.

ఆయన మొహం వెలిగింది. “అద్దీ! ఇప్పుడు రోగం సెప్పినావు. ఇన్నాళ్లూ ఏడుపు సెప్పినావు.”

మూడో ఆదివారం ఆయన చేసిన పని ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆ బండికి రెండు సిలిండర్లు. రెండూ సమానంగా గాలి పీల్చాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పీలిస్తే నడక తడబడుతుంది. అది కొలవడానికి ఆయన దగ్గర ఒక చెక్కపలక ఉండేది. దానిమీద సెలైను గొట్టం వంపుగా మేకులకు కట్టి, సగం దాకా ఇంజనాయిలు పోసి ఉండేది. రెండు కొసలూ రెండు సిలిండర్లకు తగిలించి బండి స్టార్టు చేశారు. నూనె ఒకవైపు ఎక్కి ఆగకుండా వణికింది. తరవాత ఒక సీసాతో సబ్బునీళ్లు ఇంజనులోకి గాలి వెళ్లే రబ్బరు మూతిమీద చిమ్మారు. చిమ్మగానే ఇంజను చప్పుడు మారింది. రబ్బరు చిట్లి, ఆ చీలికలోంచి దొంగగాలి పోతోందన్నమాట. కొత్త రబ్బరు కలకత్తా నుంచి వచ్చేసరికి పదిరోజులు పట్టింది. అది వేశాక, చిన్న స్క్రూ ఒకటి గోరంత గోరంత తిప్పుతూ, ఊపిరి బిగబట్టి, నూనెని రెండువైపులా సమంగా నిలబెట్టారు. ఆ టార్చిలైటు పట్టుకున్నది నేనే. “దగ్గరికి బాబూ. నా మొహం మీద కాదు, నా మొహం నాకు తెల్సు.”

ఆయన తాల్‌బగీచా సందులో బండి నడిపి చూపించారు. నడిచే మనిషి వేగంతో వెళ్లింది. ఎక్కడా ఒక్క కుదుపు లేదు. నేను ఎక్కాను. గెంతింది.

పూజ సెలవులకు ఇంక వారమే ఉంది. సరోజ అప్పటికే ఒక స్కూటరు రంగు కూడా ఎంచింది: లేత గులాబి. నాకు కోపం ఆగలేదు. “మేస్త్రీ, ఏదో సరిగా చెయ్యలేదు మీరు. మళ్లీ విప్పండి.”

ఆయన లుంగీ పైకి కట్టి నా వెనక ఎక్కారు. “పోనీ” అన్నారు. గోతుల రోడ్డు మీద వంద గజాలు వెళ్లామో లేదో, వెనకనుంచి నా భుజం మీదుగా చెయ్యి చాపి హ్యాండిల్ చూపించారు. “సుద్దగీత సూడు.”

చూశాను. గొయ్యి వచ్చినప్పుడల్లా బండి ఎగురుతోంది. బండి ఎగిరినప్పుడల్లా కర్రల్లా బిగిసిన నా చేతులు ఎగురుతున్నాయి. చేతులతోపాటు సుద్దగీత ముందుకీ వెనక్కీ ఊగుతోంది. యాక్సిలరేటరు తిప్పుతున్నది నేను కాదు, రోడ్డు.

షెడ్డుకి వచ్చాక ఆయన స్టూలు మీద కూర్చుని మెల్లగా చెప్పారు. “మొదటి దినమే సెప్పినావు కదా, మీ ముత్తాత తలపాగా కుచ్చు కదిలీది కాదని. అది నిజిమే. నానూ ఇన్నాను. మా తాత ఆ పల్లకీ మోసినాడు.”

నేను దుంగమీదే ఉండిపోయాను.

“కుచ్చు కదల్నేదు సరే. కిందోళ్లు ఒక్కో అడుగేస్తే పైన మనిషి రాయిలాగ కూకున్నాడు. ఆ కుదుపంతా బొంగులోంచి బుజానికే తగిలీది. వొదులుగా కూకున్నోడు మోతకి బరువు కాదంట. బిగుసుకున్నోడు ఇద్దరి బరువంట. మా తాతకి సచ్చీదాకా ఈ బుజం ఇలాగే వొంగుండీది.”

మూడు తరాలుగా మేం పైనుంచి చెప్పుకుంటున్న కథ వాళ్ల ఇంట్లో కిందనుంచి చెప్పుకుంటున్నారు. కుచ్చు గురించి మాకు తెలుసు, భుజం గురించి తెలియదు. “మొదటిరోజే నా కూర్చునే తీరు చూశారు కదా. అప్పుడే చెప్పొచ్చు కదా, మేస్త్రిగారూ” అన్నాను.

“బండిలో తప్పుండగా మనిషిని అనకూడదు బాబూ. ముందు బండి సాపుసెయ్యాల. అప్పుటికీ మిగిలిందే మనిషిది.”

ఆ వారమంతా ఆఫీసు అయ్యాక నాకు శిక్షణ. మోకాళ్లతో ట్యాంకుని పట్టుకోవాలి, చేతుల్తో కాదు. మోచేతులు వదులు. హ్యాండిల్ని కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవాలి. ఎంత చెప్పినా నా భుజాలు చెవుల దగ్గరికి వెళ్లిపోయేవి. “నోరు ఆడితే బుజాలు దిగుతాయి. ఏదో ఒకటి సదువుతూ నడుపు” అన్నారు. నాకు కంఠతా వచ్చినది మా వంశావళి. మొదలుపెట్టాను. అయిదో తరానికి వచ్చేసరికి బండి మునుపటికన్నా గట్టిగా గెంతింది.

“ఆపు, ఆపు! అది సదివితే ఇంకా బిగిసిపోతన్నావు. కూరగాయలు సెప్పు.”

“కూరగాయలా?”

“కూరగాయల్లో దివాణాలుండవు. సెప్పు.”

అలా, దివాణంవారి మునిమనవడు ఖరగ్‌పూర్ వీధుల్లో వంకాయ, బెండకాయ, బీరకాయ, ఆనపకాయ అని పైకే అంటూ తిరిగాడు. ఆనపకాయ దగ్గర భుజాలు దిగేవి. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

బడికి సెలవులిచ్చే రోజు పొద్దున సరోజ గేటు దగ్గర టోటో కోసం నిలబడి ఉంది. నేను బండి తెచ్చి పక్కన ఆపాను. రమ్మని అడగలేదు. మా ఇంట్లో అడగడం లేదు. కానీ హెల్మెట్ తుడిచి చేతికిచ్చాను. ఆవిడ టోటో వైపు చూసింది, నన్ను చూసింది, “ఈ ఒక్కసారే” అని ఎక్కింది. నేను మోచేతులు వదులు చేశాను. మొదటి గోతి దగ్గర నా పెదవులు వాటంతటవే కదిలాయి. వంకాయ. బెండకాయ. రెండో గేరు. బీరకాయ. రైల్వే గేటు పడి, జనం మధ్య నెమ్మదిగా వెళ్లాల్సి వచ్చింది. ఆనపకాయ. దొండకాయ. ఇందా మోడ్ వచ్చేసింది. ఒక్కసారి కూడా ఠంగుమనలేదు. వెనక చప్పుడు లేకపోయేసరికి దిగిపోయిందేమోనని కూడా అనుమానం వచ్చింది. అప్పుడు నా చెవి దగ్గర ఆవిడ గొంతు వినిపించింది.

“పొటోల్ మర్సిపోయినారు.”

గులాబి స్కూటరు మాట మళ్లీ రాలేదు. మేస్త్రిగారికి ఏమివ్వాలో తెలియక, ఆ ఇత్తడి సింహం మొహం కాగితంలో చుట్టి తీసుకెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో తట్టి, “పోత బాగుంది. నానేటి సేసుకుంటాను, ఇది ఏ బండికీ పట్టదు” అని తిరిగిచ్చేశారు. ఇప్పుడది మా తలుపు పక్కన మేకుకి ఉంది. దాని కోరకి బండి తాళం వేలాడుతుంది.

ఆయన పోయినప్పుడు శవపేటిక మోసినవాళ్లలో నేనొకణ్ని. నిటారుగా నడవబోయి, పక్కవాడి భుజానికి కుదుపు తగలడం గమనించి, మోకాళ్లు కొంచెం వంచి వాళ్ల అడుగులో అడుగు వేశాను. భుజానికి బరువు తెలిసింది. నెలకోసారి హ్యాండిల్ మీద సుద్దగీత మళ్లీ గీస్తాను. సుద్ద సరోజ సంచీలోదే. ఆఫీసులో పై అధికారి నా ఫైలు విసిరేసినప్పుడు నా భుజాలు ఇప్పటికీ చెవులదాకా వస్తాయి. అప్పుడు తల వంచుకుని, ఎవరికీ వినపడకుండా, వంకాయ దగ్గర మొదలుపెడతాను. ఎంత కోపమైనా ఆనపకాయ దాటలేదు.