ఎర్ర దారం ముడి

ఇరవై ఏళ్లుగా ఒక దారం ముక్కను మోస్తున్నాను. నవ్వకండి. దాని బరువు నాకే తెలుసు. మా ఆయనకు కూడా చెప్పలేదు, మీకు చెప్తున్నాను.

బోధన్‌లో, మేమంతా అక్క అని పిలిచే టైలరమ్మ దగ్గర కుట్టు నేర్చుకునే రోజులవి. చెరకు ఆడే కాలంలో బజారంతా పాకం వాసన. నేనూ సుజాతా ఒకే బల్ల మీద కూర్చుని ఒకే గ్లాసు చాయ్ సగం సగం తాగేవాళ్లం. షిఫాన్, జార్జెట్, క్రేప్ డి షీన్... ఇవన్నీ ఫ్రెంచి పేర్లని అక్క చెప్తే సుజాత నోట్‌బుక్‌లో రాసుకునేది. ఎప్పటికైనా షాపు పెట్టి ‘బొటిక్’ అని బోర్డు రాయిస్తానంటే నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఎంత మంచి రోజులు!

క్రేప్ గుడ్డ నీళ్లు తగిలితే ముడుచుకుంటుంది. అందుకే కత్తిరించక ముందే నానబెట్టి, నీడన ఆరేసి, అంచుకు దారం ముడి వేయాలి. ఎవరు నానబెడితే వాళ్ల రంగు. సుజాతది ఎరుపు, నాది ఆకుపచ్చ. ముడి చూశాకే అక్క కత్తెర పట్టేది.

ఎడపల్లి పెళ్లికూతురి క్రేప్ జాకెట్ గుడ్డ నానబెట్టడం నా వంతు. మర్చిపోయాను. అక్క గుడ్డ అడిగింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఎర్ర దారం ముడి వేసి ఇచ్చాను. చేతికి అదే దొరికిందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. అక్క సుజాతకు కత్తెర అప్పజెప్తుందని తెలిసి నా కడుపు మండిపోతుండేది.

పెళ్లి పొద్దున ఇస్త్రీకి నీళ్లు చల్లితే జాకెట్ ముడుచుకుపోయింది. పిల్ల చేతులు పట్టలేదు. వాళ్లు వచ్చి గొడవ చేసి పోయాక అక్క మిగులు గుడ్డ తీసింది. ముడి అలాగే ఉంది.

“గిది నీ దారమే గదనే?” అని సుజాతను అడిగింది.

“దారం నాదే అక్కా. ముడి నేనెయ్యలె.”

“మరెవలు ఏసిండ్రు?”

సుజాత నా దిక్కు చూసింది. నేను తల ఎత్తలేదు, మెషిన్ తొక్కుతూనే ఉన్నాను. తెల్లారి నుంచి తను రాలేదు. నవీపేట్ దిక్కు పసుపు చేలల్లో కూలికి పోతున్నదని తర్వాత విన్నాను.

ఇప్పుడు నిజామాబాద్‌లో నాకు షాపుంది. బోర్డు మీద ‘బొటిక్’ అని ఉంటుంది. ఆ మాటా తనదే.

పోయిన వారం సుజాత వచ్చింది, బిడ్డకు జాకెట్ కుట్టించాలని. క్రేప్ గుడ్డ బల్ల మీద పెట్టి, “నానబెట్టే తెచ్చిన,” అన్నది. మెల్లగా నవ్వి వెళ్లిపోయింది. అంచుకు ఎర్ర దారం ముడి.

తనకు తెలుసా? ఆనాడే తెలుసేమో. ఆ గుడ్డకు నేనింకా కత్తెర పెట్టలేదు. రేపు తను వస్తుంది, చెప్పగలనో లేదో తెలియదు. ఈ కాగితం మీద మాత్రం రాయగలిగాను, ఊపిరి కొంచెం ఆడుతున్నది. ఆ ముడి వేసింది నేనే.