గోడకు సున్నం వేసిన రోజు

ఖమ్మంలో మా ఇంటి కుళాయి తిప్పితే నీళ్లకంటే ముందు గాలి వస్తుంది. రెండు మూడుసార్లు గురగురమని, తర్వాత తుప్పు వాసనతో ధార మొదలవుతుంది. ఆ చప్పుడు వినగానే నేను లోలోపల అంకెలు లెక్కపెడతాను. ఈ అలవాటు నాకు లచ్చక్క అంటించింది. మా మండలంలో బోరింగులు, అంటే చేతిపంపులు, బాగుచేసే ఆడమనిషి ఆమె ఒక్కతే. ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే వైపు మా చిన్న ఊరు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న ఆ రోజుల్లో, డిగ్రీ ముగించి అక్కడి నీళ్ల ఆఫీసులో కాంట్రాక్టు టైపిస్టుగా చేరాను. చేరిన వారంలోనే ఆమె నా బల్ల ముందు పానాల సంచి దించి, "ఫ్యాను కింద కూసుంటే నీళ్ల సంగతి ఏం తెలుస్తది, నడువ్ బిడ్డా" అంది.

తీసుకెళ్లింది బడి ఆవరణలోని బోరింగు దగ్గరికి. ఇంకా ఎవరూ ముట్టని పొద్దున, నన్నే కొట్టమంది. పదకొండో దెబ్బకు నీళ్లు పడ్డాయి. పక్కనున్న బడి గోడ మీద, చూరు కింద వాన తగలని చోట, సుద్దముక్కతో పదకొండు వేసింది. దాని పైన ఎన్నో ఎండాకాలాల అంకెలు వరసగా ఉన్నాయి. "దెబ్బలు పెరిగినయంటే నీళ్లు కిందికి పోయినట్టు. గంతే. నాకు అక్షరాలు రావు గని అంకెలొస్తయి" అంది. మా ఆఫీసులో బీరువాల నిండా ఉన్న నివేదికల్లో ఒక్కటి కూడా ఇంత సూటిగా ఉండేది కాదు.

ఆ మరుసటి ఏడు ఊరి చివరి మేత భూమిలో డేటా సెంటర్ కడతారన్నారు. అంటే ఏమిటని లచ్చక్క అడిగితే మా ఆఫీసు సార్ ఓపిగ్గానే చెప్పాడు: లోకంలోని కంప్యూటర్ల లెక్కలన్నీ దాచే పెద్ద గోదాం, మిషన్లు వేడెక్కుతాయి, చల్లబరచడానికి నీళ్లు కావాలి. ఆమె విని, "మిషన్లకు దూపయితే మా నీళ్లు. మరి మాకు దూపయితే ఎవల నీళ్లు సారూ?" అంది. సార్ నవ్వేశాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. కంపెనీవాళ్లు పరీక్షకని నాలుగు బోర్లు వేసి రోజుల తరబడి నడిపారు. బడి బోరింగు పదకొండు నుంచి ఇరవై ఆరుకు పోయింది. లచ్చక్క చెబుతుంటే ఆ సంగతి నేనే టైపు చేసి సార్ బల్ల మీద పెట్టాను. ఆయన దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు.

ప్రజల అభిప్రాయం వింటామని ఒక సెలవు రోజున బడిలోనే సభ పెట్టారు. పెద్ద అధికారులు వస్తున్నారని ముందురోజు గోడలకు సున్నం వేయించారు. అంకెలన్నీ సున్నం కింద పోయాయి. ఎవరికి ఆ తెలివి పుట్టిందో గానీ, చాలా పనికొచ్చే తెలివి. ఇక నేను చేసిన పని. గేటు దగ్గర బల్ల వేసుకుని, వచ్చినవాళ్ల చేత సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటున్నాను. కాగితం పైన 'మద్దతు తెలుపుతున్నవారు' అని ఉంది. సార్ చెబితే నేనే టైపు చేశాను. కంపెనీలో నాకు పర్మినెంటు ఉద్యోగం ఇప్పిస్తానని కూడా ఆయన అన్నాడు. మొదట వచ్చింది లచ్చక్కే. "పైన ఏం రాసినవ్ బిడ్డా?" అని అడిగింది. "హాజరు అక్కా" అన్నాను. ఆమె వేలు సిరాలో అద్దింది.

లోపల ఆవరణలో ఆమె లేచి నీళ్ల మాట ఎత్తితే, కంపెనీ పెద్దమనిషి "మీ దగ్గర ఆధారం ఏముందమ్మా?" అన్నాడు. లచ్చక్క గోడ వైపు చూసింది. "గోడకు సున్నమేసిన్రు. బోరింగుకు ఎయ్యలేదు గద? రాండ్రి సారూ, మీరే కొట్టుండ్రి" అంది. జనమంతా లేచేసరికి ఆయనకు రాక తప్పలేదు. తెల్లచొక్కా చేతులు మడిచి మొదలుపెట్టాడు. ఆడవాళ్లు చుట్టూ నిలబడి గట్టిగా లెక్కపెట్టారు. ముప్పై దాటింది, నలభై దాటింది. గాలి తప్ప ఏమీ రాలేదు. యాభై రెండు దగ్గర ఆయన ఆగి రొప్పుతుంటే, "సారుకు దూపయితాంది, జల్దీ నీళ్లియ్యుండ్రి" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

అందరూ నవ్వేసరికి మా సార్‌కు ఉక్రోషం వచ్చింది. నా బల్ల మీది కాగితాలు లాక్కుని పైకెత్తాడు. "మీరంతా ఒప్పుకున్నారు కదా! ఇదిగో, మొదటి వేలిముద్ర ఈమెదే."

లచ్చక్క ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది. "హాజరన్నవ్ గద బిడ్డా?" అంది. తిట్టినా బాగుండేది.

"అబద్ధం చెప్పాను. సార్ రాయమంటే రాశాను. ఎవరికీ చదివి వినిపించలేదు" అన్నాను. నా మాట నాకే వినపడలేదు, అందుకని మళ్లీ గట్టిగా అన్నాను. ఆడవాళ్లు ఆ కాగితాలు సార్ చేతిలోంచి తీసుకున్నారు.

వారం తిరక్కుండా నా ఉద్యోగం పోయింది. కొన్ని నెలలకు, స్థలం అనుకూలంగా లేదని కంపెనీ కూడా పోయింది. నేను పరుగున వెళ్లి "గెలిచాం అక్కా" అన్నాను. ఆమె పానాకున్న గ్రీజు తుడుస్తూ, "గెలుసుడేంది? ఆళ్లు ఇంకో ఊరికి పోయిండ్రు. ఆడ బోరింగు కాడ ఎవలున్నరో" అంది. నన్ను ఆమె ఎన్నడూ ఒక్క మాట అనలేదు. చివరి దాకా బిడ్డా అనే పిలిచింది. కానీ నాచేత ఏ కాగితం చదివించుకున్నా, తర్వాత ఇంకొకరిచేత కూడా చదివించుకునేది. అది ఆమె న్యాయం. ఆమె పోయి ఏళ్లయినా అది నన్ను ఇంకా పొడుస్తూనే ఉంటుంది.

నేనిప్పుడు ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. ఈ ఉదయం కుళాయి గురగురమంటుంటే పేపరు తెరిచాను. గోదావరి వైపు ఒక ఊళ్లో డేటా సెంటర్ వస్తుందట, ప్రజలంతా స్వాగతించారట. పక్కన ఫోటో: బల్ల ముందు వరసగా ఆడవాళ్లు, ఒకామె వేలు సిరాలో ఉంది. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి తల వంచుకుని ఉంది. కాగితం పైన ఏముందో ఎంత దగ్గరగా పెట్టుకున్నా కనపడలేదు. బస్టాండుకు ఫోన్ చేసి ఆ ఊరి బస్సు ఎన్నింటికో కనుక్కున్నాను. సంచిలో ఒక సుద్దముక్క వేసుకున్నాను.