తడవని చేతులు

నది ఒడ్డున, పాత కోట ముందు వేదిక కడుతున్నారంటే పాలెంబాంగ్‌లో మొదటి కబురు రొగాయాకే వెళ్లేది. పాటగాళ్లకు తర్వాతే. వాన ఆపే మనిషిని పిలవకుండా పైకప్పు లేని కచేరీ పెట్టే మొనగాడు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

చూడబోతే ఆమె చేసేది పెద్దగా ఏమీ ఉండదు. ఎర్ర మిరపకాయలు, చిన్న ఉల్లిపాయలు చీపురుపుల్లకు గుచ్చి వేదిక వెనక నేలలో నాటుతుంది. ఎటు పోవాలో వానకు చెబుతుంది. అప్పట్నుంచి కచేరీ ముగిసేదాకా నీళ్లు ముట్టదు. తాగదు, చెయ్యి కడగదు. ముట్టిందా, తోలిన వాన తిరిగొస్తుంది. తల్లి సలామా నేర్పిన విద్య ఇది. ఒకసారి ఎండకు తాళలేక రొగాయా తడిగుడ్డతో మొహం తుడుచుకుంది. కాసేపటికే వాన పడింది. తడిసిన మైకు పట్టుకున్న పాటగాడికి కరెంటు కొట్టింది, మళ్లీ లేవలేదు. వాడిని చంపింది తన చేతి తడేనని ఆమె నమ్మకం. ఎవరెంత చెప్పినా వినేది కాదు.

వానను ఎప్పుడూ ఆవలి ఒడ్డుకే తోలేది. ఇవతల హోటళ్లు, ఆఫీసులు, పెద్దమనుషులు. అవతల తనవాళ్ల కర్రకాళ్ల ఇళ్లు. తిట్టినా తనవాళ్లే కదా అని ధీమా.

"మళ్లీ మా నెత్తినే పోశావా తల్లీ! ఆరేసిన బట్టలు నువ్వే వచ్చి పిండు!" అని వీధి ఆడవాళ్లు కేకలేస్తే పగలబడి నవ్వేది.

ఆ ఆదివారం కూడా పుల్ల నాటి, "అవతలికి పో" అంది. పాటలు మొదలైన కాసేపటికి చెల్లెలు మస్నా పడవ దిగి, జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"అక్కా, అమ్మ పోయింది."

రొగాయా లేవబోయి, నాటిన పుల్లను చూసి మళ్లీ కూర్చుంది.

"లే. పొద్దుగూకేలోపు పూడ్చాలి. రొగాయా చేతే నాకు ఆఖరి స్నానం చేయించండి అని నోరు తెరిచి అడిగింది అమ్మ."

"నీళ్లు ముట్టకూడదే..."

"ఇంకా ఆ మాటేనా! కన్నతల్లి కంటే నీకీ డప్పులు ఎక్కువా?"

"ఆ తీగలు చూడవే. ఆ పిల్లను చూడు, మైకు పట్టుకుని ఎట్లా గెంతుతోందో. నేను చెయ్యి తడిపితే..."

"సరే, ఉండు. ఊళ్లోవాళ్ల వానలు చూసుకో," అని మస్నా వెళ్లిపోయింది.

ఏం మనిషమ్మా, గుండె రాయి చేసుకుని కూర్చుంది అంటారేమో. కూర్చోలేదు. రేవు మెట్ల దాకా పోవడం, నీళ్లను చూసి వెనక్కి రావడం, మళ్లీ పోవడం. అంతలో మబ్బు కమ్మింది. ఆవలి ఒడ్డు కనబడకుండా వాన దిగింది. అప్పుడు తట్టింది ఆమెకు, ఖబరస్థాన్ అటే ఉందని. ఈపాటికి గొయ్యి తవ్వుతుంటారు. వానను అటునుంచి మళ్లించాలంటే ఒకటే దారి, చెయ్యి తడపడం. పై మెట్టు మీద నిలబడి, వేదిక మీది పిల్లను చూస్తూ ఏడ్చింది. ఆ కన్నీళ్లను కూడా చేత్తో తుడుచుకోలేదు.

కచేరీ ముగిశాక నిర్వాహకుడు యుస్రాన్ పరిగెత్తుకొచ్చాడు. "ఒక్క చుక్క పడలేదు పెద్దమ్మా! మీరు బంగారం!"

రొగాయా పుల్ల పీకి పడవెక్కింది. ఆమె చేరేసరికి వానా వెలిసింది, పూడ్చడమూ అయిపోయింది. మోకాళ్ల దాకా బురదతో మస్నా ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంది.

"తోడేకొద్దీ గోతిలోకి నీళ్లే. అమ్మ పైకి తేలుతుంటే పలకలు వేసి అదిమారు," అంది మస్నా. "నువ్వేం బాధపడకు అక్కా. అమ్మ కోరిక తీరింది. నేను చేయించిన స్నానం చాలదని నువ్వు మళ్లీ చేయించావుగా."

కాళ్లూ చేతులూ కడుక్కుని లోపలికి రమ్మని పక్కింటావిడ చెంబుతో నీళ్లు తెచ్చింది. కచేరీ అయిపోయింది, ఇక ముట్టొచ్చు. రొగాయా చేతులు చాచలేకపోయింది.