ఏబేలు చెప్పిన నాలుగో పాఠం

దుబాయ్ పక్కన జెబెల్ అలీలో వెల్డరు కొరివి ఏబేలు వేసిన అతుకులు వేలకొద్దీ ఉన్నాయి. సముద్రం నీళ్ళు తెచ్చే లావుపాటి గొట్టాల మీద, నీలం మంట వెళ్ళిపోయాక మిగిలే చేపపొలుసుల వరసలు అవి. ప్రతి అతుకు పక్కన సుత్తితో కొట్టిన నలభై ఒకటి అనే అంకె ఉంటుంది. అది ఏబేలు అంకె. గేటు దగ్గర చూపించే పాసు మీద మాత్రం ఏబేలు అని ఉండదు. వెంకట్రావు అని ఉంటుంది.

1976లో బొంబాయిలో ఏజెంటు అతని చేతిలో పెట్టిన పాస్‌పోర్టులోని పేరు అది. ఆ వెంకట్రావు ఎవరో, ప్రయాణం ఎందుకు మానుకున్నాడో ఏబేలుకు తెలియదు. ఫోటో మార్చారు, విమానం ఎక్కించారు. అలా వచ్చినవాళ్ళు ఆ రోజుల్లో క్యాంపులో గదికొకరు ఉండేవారు. పనిలో ఒక పేరు, గదిలో ఒక పేరు. ఎండలో పడే నీడలాగా కొన్నాళ్ళకు అదీ అలవాటైపోయేది.

ఏబేలుది బాపట్ల దగ్గర పల్లె. తండ్రి సువార్తికుడు. కొడుకును బైబిలు కాలేజీలో చేర్పించి రెండేళ్ళకే పోయాడు. చదువు ఆగింది. విశాఖపట్నంలో వెల్డింగు నేర్చుకున్నాడు. కాలేజీ నుంచి మిగిలింది ఒక్క నోటుబుక్కు. సంఘ చరిత్ర చెప్పిన ముసలి మాస్టారు నోటి మాటలు, తడబడుతూ రాసుకున్నవి. దుబాయ్‌కి వచ్చేటప్పుడు బట్టల మధ్య దాన్ని పెట్టుకున్నాడు.

ఇక్కడ ఆదివారం పనిదినం, శుక్రవారం సెలవు. అందుకని దుబాయ్‌లో సత్వా అనే పేటలోని తెలుగు క్రైస్తవులు శుక్రవారం పొద్దున, ఒక ఫ్లాటు హాలులో, మంచాలు గోడకు నిలబెట్టి కూడుకునేవాళ్ళు. షిప్పింగు ఆఫీసులో టైపిస్టు జకరయ్యగారు ఆ కూడికకు పెద్ద. తెనాలి మనిషి. 1981 చలికాలంలో ఆయన ఏబేలును పిలిచి, "ఐదు శుక్రవారాలు నీవి తమ్ముడూ. పాత సంఘం సంగతులు చెప్పు, మనవాళ్ళకు అవేమీ తెలియవు" అన్నాడు.

మొదటి శుక్రవారం ఏబేలు వెలుగు గురించి చెప్పాడు. క్రీస్తును ఎరగని ఒక గ్రీకు గురువు ఉండేవాడు. అన్నిటికీ మూలం ఒక్కటే అన్నాడాయన. సూర్యుడిలోంచి వెలుగు వచ్చినట్టు అందులోంచే సమస్తం పొంగి వచ్చిందన్నాడు. తర్వాతి వందల ఏళ్ళలో మన పండితులు ఆ మాటను పట్టుకుని ఒకచోట ఆగిపోయారు. సూర్యుడు వెలుగు ఇవ్వకుండా ఉండలేడు. దేవుడు అలా కాదు, ఇష్టపడి ఇచ్చాడు అన్నారు. మిగతాది ఉంచుకున్నారు.

రెండోసారి చెడు గురించి చెప్పాడు. "అతుకులో గాలిబుడగ పడుతుంది చూడండి. ఎక్స్‌రేలో నల్ల చుక్కలా కనిపిస్తుంది. అది ఒక వస్తువా? కాదు. ఇనుము ఉండాల్సిన చోట ఇనుము లేకపోవడం. చెడు కూడా అంతే అన్నారు. ఉండాల్సిన మంచి లేకపోవడం. ఈ ఆలోచన కూడా ఆ గ్రీకుల దగ్గర దొరికిందే." ముందు వరసలో కూర్చున్న ఫిట్టర్లు తలలూపారు. మూడోసారి హాలు నిండింది.

నాలుగో శుక్రవారం చిక్కు వచ్చింది. ఆ రోజు సిరియా వైపు ఒక క్రైస్తవ సన్యాసి గురించి చెప్పాడు. ఆ సన్యాసి క్రీస్తు తర్వాత అయిదు వందల ఏళ్ళకు రాశాడు. క్రీస్తును ఎరగని అన్య గురువుల మాటల్లో క్రైస్తవ ప్రార్థనను పోశాడు. దేవుడి గురించి ఇలా ఉంటాడని చెప్పడం కంటే ఇలా ఉండడని చెప్పడమే నిజానికి దగ్గర అన్నాడు. రాసిందంతా అపొస్తలుడు పౌలు కాలంలో ఏథెన్సులో క్రీస్తును నమ్మిన ఒకాయన రాసినట్టు, ఆయన పేరు పెట్టాడు. దాదాపు వెయ్యేళ్ళు లోకం నమ్మింది.

జకరయ్యగారు కుర్చీలోంచి లేచాడు. "అంటే దొంగపేరా?"

"అవునండీ."

"అన్యుల మాట, ఆ పైన దొంగపేరు. అది మనకు పాఠమా తమ్ముడూ?"

వెనకనుంచి ఎవరో, "బ్రదర్, బిర్యానీ చల్లారిపోతోంది" అన్నారు. కొందరు నవ్వారు. జకరయ్యగారు నవ్వలేదు.

"వచ్చే శుక్రవారం నిలబడి, నాలుగో పాఠం పొరపాటని చెప్పు. చెబితే ఐదోది చెప్పుకో. లేదంటే ఇంతటితో చాలు."

ఆ వారం ఏబేలు మామూలుగానే పనికి వెళ్ళాడు. మధ్యాహ్నం గొట్టం నీడలో కూర్చున్నప్పుడు గ్రైండరు పనిచేసే చాంద్ బాషా టిఫిన్ డబ్బా విప్పుతూ కదిలించాడు. కడప మనిషి. ఏబేలు పాసు సంగతి క్యాంపులో పూర్తిగా తెలిసినవాడు అతనొక్కడే.

"ఏంరా, మూతి ముడుచుకున్యావ్? పొరపాటని చెప్పేయ్, అయిపాయ. ఎప్పుడో సచ్చిన సన్నాసి కోసరం నువ్వు కొట్లాడేదేంది?"

"అది పొరపాటైతే నేనూ పొరపాటే బాషా."

బాషా నమలడం ఆపాడు. "ఓహో. అదా సంగతి. నోరు మూసుకోరా సామీ. ఆఫీసులో పెద్ద ముదీర్ చెవిన పడితే పని పాయ, నువ్వు ఖలాస్."

ఏబేలు ఇసుకలో వేలితో గీతలు గీస్తూ ఇంకో కథ చెప్పాడు. అన్యుల పుస్తకం ఒకటి గ్రీకులోంచి అరబ్బీకి, అరబ్బీలోంచి లాటిన్‌కి వెళ్ళింది. వేరే గొప్ప గురువు రాశాడని అందరూ అనుకున్నారు. ఒక క్రైస్తవ పండితుడు పాత ప్రతితో పోల్చి చూసి, ఇది ఏథెన్సు అన్యుడి మాటల్లోంచి తీసిందని కనిపెట్టాడు. కనిపెట్టాక పారేయలేదు. ఒక్కో వాక్యం ముందు పెట్టుకుని, ఇక్కడ ఒప్పుకుంటాను, ఇక్కడ ఒప్పుకోను అని రాసుకుంటూ పోయాడు.

"మన అతుకులు చూసే ఇన్‌స్పెక్టరు మాదిరి" అన్నాడు బాషా. "అయితే మా అరబ్బీ లేకపోతే మీకు దిక్కు లేదన్నమాట!"

"లేదు. ఒప్పుకుంటున్నా."

"సరేలే. ఒప్పుకున్యావ్ గాబట్టి ఈ చేపముక్క తీస్కో."

శుక్రవారం వచ్చింది. కంపెనీ బస్సులో సత్వాకు వస్తుంటే కిటికీ అవతల సముద్రం తెల్లగా, ఇంకా రంగు పడని కాగితంలా ఉంది. ఏబేలు హాలులో నిలబడ్డాడు. నోటుబుక్కు తెరవలేదు.

"నాలుగో పాఠం పొరపాటు కాదు" అన్నాడు. "నా పేరు ఏబేలు అని మీకు తెలుసు. నా పాసు మీద వెంకట్రావు అని ఉంది. అయిదేళ్ళుగా ఇంకొకరి పేరుతో ఈ దేశంలో ఉన్నాను."

 అలాంటి పాసులు జేబులో ఉన్నవాళ్ళు కింద చాప వైపు చూశారు.

"నేను వేసిన అతుకులకు ఎక్స్‌రే తీశారు. పాసు మీది పేరు చూసి కాదు, అతుకు చూసి ఒప్పుకున్నారు. ఆ సన్యాసి మాటలనూ మన పండితులు అలాగే చూశారు. నిలిచినదాన్ని ఉంచారు, పగిలినచోట కోసి మళ్ళీ అతికారు."

"అయితే మారుపేరు మంచిదేనంటావా?" జకరయ్యగారి గొంతు ఈసారి మెల్లగా ఉంది.

"కాదండీ. మాట నిలిచింది, పేరు నిలవలేదు. ఆ సన్యాసి దాన్ని సరిచేసుకోకుండానే పోయాడు. నేనింకా బతికే ఉన్నాను. రేపు మన కాన్సులేటుకు వెళ్తున్నాను."

"పని పోతుంది తమ్ముడూ."

"పోతుందండీ. అందుకే ఐదో పాఠం ఇవాళే చెప్పాలి. చెప్పనిస్తారా?"

జకరయ్యగారు అతని చేతుల వైపు చూశాడు. నిప్పురవ్వలు పడి పొడలు పొడలుగా మచ్చలున్న చేతులు. తర్వాత తన కుర్చీ పక్కకు జరిపి చాప మీద, అందరితో పాటు కింద కూర్చున్నాడు.

ఏబేలు ఒక గంట చెప్పాడు. ఎవరూ భోజనం మాట ఎత్తలేదు.

శనివారం పొద్దున జకరయ్యగారు ఆఫీసుకు సెలవు పెట్టి ఏబేలుతో కాన్సులేటుకు వచ్చాడు. రాత్రే అతని దరఖాస్తు టైపు చేసి పెట్టాడు. కౌంటరులోని గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివి, హిందీలో అడిగాడు: "ఎవరైనా మీ మీద ఫిర్యాదు చేశారా?"

"లేదు."

"మరి ఇప్పుడెందుకు? పాస్‌పోర్టు ఇక్కడే ఉంచుకుంటాం. ఇండియాకు తిరుగు ప్రయాణం కాగితం ఇస్తాం. మళ్ళీ వస్తారో లేదో చెప్పలేను."

"తెలుసు. నా పేరుతో మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంటాను. ఎన్నిసార్లైనా పెడతాను."

గుమాస్తా కలం అతని వైపు జరిపాడు. ఏబేలు తన సొంత పేరే సంతకం చేశాడు.