తలలో కాలువలు

మందులేని జబ్బును విడమరచి చెప్పడం మేలా, ఊరుకోవడం మేలా? ఇప్పటికీ తేలని ప్రశ్న.

మాదాపూర్‌లోని ఒక ఆడపిల్లల హాస్టల్లో చంద్రమ్మ ఏళ్ల తరబడి వంట చేసింది. ఖాళీ చేసి వెళ్లే పిల్ల బ్యాగు పట్టుకుని ఆపేది. "పోతున్న అనొద్దు బిడ్డా, పోయొస్త అను" అని, అనిపించుకున్నాకే వదిలేది. మొగుడూ పిల్లలూ లేని మనిషికి ఆ వంటగదే ఇల్లు.

ఈ మధ్య పప్పులో రెండుసార్లు ఉప్పు పడుతోంది. పొయ్యి మీద కుక్కర్ మరిచిపోయిన రోజున, "ఇంకోసారి గిట్లయితే ఇంటికి పంపిస్త" అన్నాడు యజమాని రవీందర్.

ఆ హాస్టల్లోనే ఉండే కాకినాడ అమ్మాయి స్రవంతి, గచ్చిబౌలిలో ఒక ప్రయోగశాలలో ముసలి ఎలుకల మెదళ్ల మీద పనిచేస్తోంది. చంద్రమ్మ ఆమెను టిఫిన్ దగ్గర పట్టుకుంది.

"నా తలకాయకు ఏమైంది బిడ్డా?"

"మెదడు చుట్టూ నీరుంటుంది ఆంటీ. అక్కడి మురికిని తీసుకుని, పైపొరలోని సన్నటి నాళాల గుండా మెడలోకి దిగుతుంది. వయసు మీదపడితే ఆ నాళాలు పాడవుతాయి, నీరు సరిగా పోదు. సింకు జామైనట్టు అనుకోండి. మీకూ అదేనో కాదో డాక్టరు చూడాలి."

"సాఫ్ చేసేటోళ్లు లేరా?"

"ఎలుకల్లో ప్రయత్నిస్తున్నామండీ. నాళాలు బాగుపడితే కొన్నిటికి జ్ఞాపకం మెరుగవుతోంది."

"ఎలుకకున్న నసీబు నాకు లేకపాయె! నన్ను గూడ బోన్ల ఎయ్యరాదు?"

ఇద్దరూ నవ్వారు. మనుషులకు ఆ వైద్యం ఇంకా రాలేదని స్రవంతి అన్న మాట ఆ నవ్వులో కలిసిపోయింది.

అన్నీ మరిచిపోతున్న చంద్రమ్మకు సింకు మాట మాత్రం గుర్తుండిపోయింది. సింకు జామైతే ఆమె ముందు చేసే పని నల్లా కట్టేయడం. నడి ఎండాకాలం, పొయ్యి ముందు నిలబడి, ఎవరికీ చెప్పకుండా మంచినీళ్లు మానేసింది. ఒక మధ్యాహ్నం సాంబారు గిన్నె పక్కనే కూలబడింది.

దవాఖానలో సెలైన్ ఎక్కుతుండగా స్రవంతి అడిగింది: "నీళ్లెందుకు మానేశారు ఆంటీ?"

"మోరి జామైతే మీదికెల్లి నీళ్లు బంద్ చెయ్యాలె గద. నువ్వే జెప్తివి."

"తాగే నీళ్లు మానితే అది బాగవదు ఆంటీ..."

"మరి ఎట్ల బాగైతది?"

స్రవంతి గ్లాసులో నీళ్లు పోసి ఆమె చేతికిచ్చింది.

చంద్రమ్మ హాస్టల్‌కు తిరిగొచ్చేసరికి వంటగదిలో వేరే మనిషి ఉంది. రవీందర్ చంద్రమ్మ బట్టల సంచి గేటు దగ్గర పెట్టించాడు. నార్సింగి నుంచి ఆమె చెల్లెలు ఆటో తెచ్చింది. స్రవంతి పరుగున వచ్చి సంచి పట్టుకుంది.

"పోయొస్త అనండి ఆంటీ. అంటేనే వదులుతాను."

చంద్రమ్మ ఆ ముఖాన్ని ఎన్నడూ చూడనట్టు చూసింది. సంచి మీది వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది. ఆటో ఎక్కి, సంచి ఒళ్లో పెట్టుకుని, డ్రైవరు వీపు కేసి చూస్తూ వెళ్లిపోయింది.